మర చుట్ల కథ: లేతు మిషను కొనే ముందు

పొదుపు డబ్బుతో, సమాఖ్య అప్పుతో చెక్క బొమ్మల పనిలోకి దిగాలనుకునే సంఘాల్లో మొదట వచ్చే ప్రశ్న ఏ లేతు కొనాలి అని. మోటారు ఎన్ని హెచ్‌పీ, ధర ఎంత, గ్యారంటీ ఎన్నేళ్ళు, ఈ మూడూ అందరం అడుగుతాం. స్పిండిల్ మీద మర ఏ కొలత అని అడిగేవాళ్ళు తక్కువ. లేతులో గిర్రున తిరిగే ఇరుసునే స్పిండిల్ అంటారు. దాని ముక్కు మీద మర చుట్లు ఉంటాయి. చెక్కను పట్టుకునే చక్ గానీ, వెడల్పాటి గిన్నెలు, పళ్ళేలు తిప్పడానికి వాడే ఫేస్‌ప్లేట్ గానీ ఆ మర మీదే బిగుస్తాయి. ఒక సీసా మూత ఇంకో సీసాకు ఎలా పట్టదో, ఒక మరకు చేసిన చక్ ఇంకో మరకు అలాగే పట్టదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దుకాణంలో ఏం అడగాలో మనకే అర్థమవుతుంది.

తరిమెన నాటి సంగతి

లేతుకు పాత తెలుగు మాట తరిమెన. లక్క బొమ్మలంటే మనకు ముందు గుర్తొచ్చేది అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడ మెత్తని అంకుడు కర్రను లేతు మీద తిప్పి ఉలితో రూపం తెస్తారు. తిరుగుతున్న చెక్కకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. తరవాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజలు, ఆకులు, బెరడుల రంగులను ఆ పనిలోకి మళ్ళీ తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

పాతకాలపు చేతి లేతు ఇద్దరి పని. ఒకరు తాడు లాగితే ఇంకొకరు ఉలి పట్టేవారు. ఆ లేతును చేసేది ఊరి పనివాళ్ళే. విరిగితే బాగుచేసేదీ వాళ్ళే. ఒక ఊరి లేతు భాగం ఇంకో ఊరి లేతుకు పడుతుందా అన్న ప్రశ్నే లేదు. మోటారు లేతులు వచ్చాక, లేతు ఒకచోట, చక్ ఇంకోచోట కొనే రోజులు వచ్చాక ఆ ప్రశ్న మన గుమ్మంలోకి వచ్చింది.

ఎవరి మర వాళ్ళదే

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇదే పరిస్థితి. బోల్టును, దాని నట్టును జతగా చేసేవారు. నట్టు పోతే బోల్టు కూడా పనికిరాదు. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే అనే లోహపు పనివాడు ఒకే రకం మరను ఎన్నిసార్లయినా సరిగ్గా కోయగల లేతును తయారుచేశాడు. అంటే మరను క్రమంలో పెట్టింది కూడా లేతే. అయినా ప్రతి వర్క్‌షాపూ తనకు నచ్చిన కొలతే కోసుకునేది.

మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ చాలా వర్క్‌షాపుల నుంచి మరలు తెప్పించి కొలిచి, సగటు తీశాడు. ఇంత లావు బోల్టుకు అంగుళానికి ఇన్ని చుట్లు, చుట్టు కోణం 55 డిగ్రీలు అని 1841లో ఒక పద్ధతి ప్రకటించాడు. బ్రిటన్‌లో అదే పాకింది. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో ఇంకో పద్ధతి పెట్టాడు. యూరప్ దేశాలు మిల్లీమీటర్ల దారి పట్టాయి. ఎవరి లెక్క వాళ్ళకు సరైనదే. ఒకరి దాంతో ఒకరికి పని పడ్డప్పుడే చిక్కు.

ఆ చిక్కు ఎంత దూరం పోతుందో 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం చూసింది. ఊళ్ళో మంటలు లేస్తే వాషింగ్టన్, ఫిలడెల్ఫియా లాంటి చోట్ల నుంచి ఫైరింజన్లు పరుగున వచ్చాయి. వాటిలో చాలావాటి గొట్టాల మరలు బాల్టిమోర్ నీటి కుళాయిలకు పట్టలేదు. మనుషులున్నారు, నీళ్ళున్నాయి, గొట్టాలున్నాయి, కలపడానికే లేదు. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకే పక్షాన పోరాడిన బ్రిటన్, అమెరికాలకు కూడా ఒకరి బోల్టు ఇంకొకరికి పట్టలేదు. చివరికి 1948లో ఆ రెండు దేశాలు, కెనడా కలిసి ఒకే మరకు ఒప్పుకున్నాయి.

మన దేశానికి యంత్రాలు ఎక్కువగా బ్రిటన్ నుంచి రావడంతో అంగుళాల మరే ముందు వచ్చింది. 1956లో తూనికలు, కొలతల చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది. అయితే ఇనుప సామాను కొట్లలో అంగుళం ఇంకా పోలేదు. ఇప్పుడు రెండూ పక్కపక్కనే అమ్ముడవుతున్నాయి.

ఈరోజు దుకాణంలో

చెక్క లేతుల స్పిండిల్ మీద ఎక్కువగా కనిపించే మరలు ఇవి:

- చిన్న లేతుల మీద ముప్పావు అంగుళం లావు, అంగుళానికి 16 చుట్లు.
- చిన్న, మధ్య రకం లేతుల మీద 1 అంగుళం లావు, అంగుళానికి 8 చుట్లు.
- పెద్ద లేతుల మీద ఒకటింపావు అంగుళం లావు, అంగుళానికి 8 చుట్లు.
- యూరప్ పద్ధతి లేతుల మీద 33 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు 3.5 మిల్లీమీటర్లు. దీన్ని ఎం33 అంటారు.

లావు ఒక్కటే చూస్తే మోసపోతాం. 1 అంగుళం లావులోనే 10 చుట్లవి, 12 చుట్లవి పాత మిషన్ల మీద ఉంటాయి. పైగా ఒకటింపావు అంగుళమంటే 31.75 మిల్లీమీటర్లు. ఎం33కు దానికీ తేడా మిల్లీమీటరు పైచిలుకే, కంటికి ఆనదు. పట్టని చక్ ఒక్కోసారి ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగుతుంది. "గట్టిగా తిప్పితే పడ్తుందమ్మా" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. మర అరిగిపోతుంది. సరిగా కూర్చోని చక్ వేగంగా తిరిగేటప్పుడు ఊడిందంటే ఎదురుగా ఉన్న మనిషికే దెబ్బ. చక్ వెనక భాగం స్పిండిల్ మెడకు ఆనేదాకా, చేత్తోనే సాఫీగా ఎక్కాలి.

అడాప్టర్ వేస్తే సరిపోదా అంటారు. ఒక మరను ఇంకో మరకు కలిపే ముక్క దొరికే మాట నిజమే. దాంతో చక్ ఇంకాస్త ముందుకు జరుగుతుంది, కొద్దిగా వణుకు వస్తుంది. చిన్న పనికి నడుస్తుంది గానీ, చెక్క వణికితే లక్క ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. ఇంతకన్నా మేలు, వెనక బుష్ మార్చుకునే వీలున్న చక్. రేపు లేతు మారినా బుష్ ఒక్కటి మారిస్తే చాలు.

రెండు లేతులు పోల్చేటప్పుడు

కొటేషన్లు తెప్పించినప్పుడు ధర పక్కన ఈ ఐదింటికీ జవాబు రాయించుకోండి.

1. స్పిండిల్ మర లావెంత, అంగుళానికి చుట్లెన్ని? మెట్రిక్ అయితే చుట్టుకు చుట్టుకు దూరం ఎంత?
2. ఆ మరకు చక్, ఫేస్‌ప్లేట్ విడిగా ఎక్కడ దొరుకుతాయి, ఎంతకి?
3. స్పిండిల్ లోపలి ఏటవాలు రంధ్రం మోర్స్ టేపర్ ఒకటో నంబరా, రెండో నంబరా? వెనక ఆధారం వైపు కూడా అదేనా?
4. లేతు మీద ఎంత వెడల్పు, ఎంత పొడుగు చెక్క తిరుగుతుంది?
5. మోటారు మన షెడ్డులో ఉన్న సింగిల్ ఫేజ్ కరెంటుకు నడుస్తుందా?

లేతు చవగ్గా వచ్చి, దాని మరకు చక్ ఎక్కడా దొరక్కపోతే ఆ చవక చవక కాదు. మిషను మూలన పడి ఉన్నా వాయిదా నెలనెలా వస్తుంది, పదిమందీ కట్టాలి. ఒక గ్రామ సంఘంలో రెండు గ్రూపులు లేతులు కొంటుంటే ఒకే మర ఉన్నవి కొనండి. ఒకరి చక్ పాడైతే ఇంకొకరిది వాడుకోవచ్చు, ఫేస్‌ప్లేట్లు ఉమ్మడిగా కొనుక్కోవచ్చు.

డబ్బు కట్టే ముందు చక్‌ను దుకాణంలోనే ఆ లేతుకు ఎక్కించి చూడండి. పైట, జడ, గాజులు లేతుకు దూరంగా ఉంచుకోండి. కొన్నాక మర కొలతను మినిట్స్ పుస్తకంలో తీర్మానం కిందే రాయండి, మిషను మీద కూడా పెయింటుతో రాయించండి. లీడర్లు మారతారు, పుస్తకం ఉంటుంది. నాలుగేళ్ళ తరవాత కొత్త చక్ కొనడానికి పట్నం వెళ్ళే సభ్యురాలికి ఆ ఒక్క వరుస చాలు.