ముందు పద్నాలుగు, వెనక నలభై రెండు

హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో బండి ముచ్చట వస్తే సీసీలు, హార్స్‌పవర్లు తర్వాత సంగతి. ముందు ఎన్ని పళ్లు, వెనక ఎన్ని పళ్లు అన్నదే మొదటి ప్రశ్న. పళ్లు కోసి బతికినవాళ్లం, ఇంకేం అడుగుతాం? నేను మిల్లింగ్ మెషిన్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. మా షెడ్డులో కోసినవి ఎక్కువగా ఫ్యాక్టరీ కన్వేయర్లకు పోయే స్ప్రాకెట్లే, అంటే చైను తిరిగే పళ్ల చక్రాలే. అయినా షిఫ్టు ముగిసే వేళకు ఎవరో ఒకరు సంచిలో అరిగిపోయిన బండి పళ్ల చక్రం పట్టుకొని గేటు దగ్గర నిలబడేవారు.

ఈ లెక్క మోటారుసైకిళ్లతో మొదలు కాలేదు. 1973లో ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (ఏపీఐఐసీ) పుట్టాక నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు షెడ్లు పెరుగుతున్న రోజుల్లో ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ నుంచి పనికొచ్చేవాళ్లలో చాలామంది సైకిళ్ల మీదే వచ్చేవారు. వెనక ఫ్రీవీల్ మామూలుగా 18 పళ్లది. ముందు చైన్‌వీల్ 44దా, 48దా అన్న దగ్గరే వాదన. 48 వేస్తే సాపు రోడ్డు మీద జోరుగా పోతుంది. వెనక మనిషిని ఎక్కించుకొని చడావు ఎక్కాలంటే మాత్రం దిగి నెట్టాల్సిందే. మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజినీరు 1880లో బుష్ రోలర్ చైన్ కనిపెట్టిన నాటి నుంచి దుకాణాల ముందు ఇదే తగువు. పికప్ కావాలా, మైలేజీ కావాలా?

లెక్క చిన్నదే. ముందు 14, వెనక 42 అనుకోండి. ముందుది మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు ఒక పన్ను తగ్గించి 13 వేస్తే నిష్పత్తి 3.23 అవుతుంది, లాగుడు దాదాపు ఎనిమిది శాతం పెరుగుతుంది. ముందుది ముట్టుకోకుండా వెనక 45 వేస్తే 3.21, అంటే ఇంచుమించు అదే. ముందు ఒక్క పన్ను వెనక మూడు పళ్లతో సమానం. అదే ముందు 15 వేస్తే, నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఇంజిన్ అదే వేగానికి 4670 దగ్గర తిరుగుతుంది. రాపిడి తగ్గుతుంది, పెట్రోలు మిగులుతుంది. కాకపోతే బండికి లాగే సత్తువ ఉండాలి.

అన్ని బండ్లూ ఈ మార్పుకు ఒప్పుకునేవి కావు. పాత బుల్లెట్‌కు వెనక పళ్ల చక్రం బ్రేక్ డ్రమ్ముతో కలిపి ఒకే పోతగా వచ్చేది. అది మార్చాలంటే డ్రమ్మే మార్చాలి. ముందుదేమో ప్రైమరీ చైన్ పెట్టె వెనక దాక్కుంటుంది. క్లచ్ విప్పితే తప్ప చేతికి దొరకదు, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా అదే పని. యెజ్దీ చైనుకు రబ్బరు గొట్టాలతో సహా పూర్తి కవచం ఉండేది. దుమ్ము తగలక చైను చాలా కాలం నిలిచేది గానీ, మార్చబోతే ఆ గొట్టాలు మెకానిక్ ఓపికను పరీక్షించేవి.

ఎస్కార్ట్స్ 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 కథ వేరు. దాని తాగుడుకు జనం జడిశారు. మైలేజీ కోసం కంపెనీయే తర్వాత ఇంజిన్ బలం తగ్గించి ఇంకో రకం దింపింది. మొదటిది హై టార్క్, రెండోది లో టార్క్ అని పేర్లు పడ్డాయి. అయినా అది నిలదొక్కుకోలేదు.

అసలు చీలిక 1985లో వచ్చింది. ఆ ఏడే హీరో హోండా సీడీ100, ఆ ఏడే యమహా ఆర్‌ఎక్స్100. రెండూ వంద సీసీ లోపువే. మొదటిది నాలుగు స్ట్రోకులది, బలం ఏడు హార్స్‌పవర్ దగ్గర. పెట్రోలు పోసి మూతపెట్టి మరిచిపొమ్మన్న ప్రకటనతోనే జనంలోకి వచ్చింది. రెండోది రెండు స్ట్రోకులది, పదకొండు హార్స్‌పవర్. మా షెడ్డులో మనుషులు రెండు పార్టీలయ్యారు. సీడీ100 వాళ్లు ముందు ఒక పన్ను పెంచి ఇంకో అయిదు కిలోమీటర్లు పిండుకోవాలనేవారు. యమహా కుర్రాళ్లు ఒక పన్ను తగ్గించి, సిగ్నల్ దగ్గర ఎదుటివాడికి పొగ చూపించాలనేవారు.

కావాల్సిన లెక్క బజార్లో దొరక్కపోతే మా దగ్గరికొచ్చేవారు. ఉక్కు పలకను లేత్ మీద గుండ్రంగా తిప్పి, డివైడింగ్ హెడ్‌కు బిగించి పళ్లు కోసేవాళ్లం. డివైడింగ్ హెడ్ హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే బిగించిన పలక ఒక చుట్టు తిరుగుతుంది. 42 పళ్లు కావాలంటే హ్యాండిల్ వెనక ప్లేటులో 21 రంధ్రాల వరసలో ఒక్కో పన్నుకు 20 రంధ్రాలు జరపాలి. 45 కావాలంటే 18 రంధ్రాల వరసలో 16. ఎక్కడైనా ఒక్క రంధ్రం తప్పితే చివరి పన్ను సగమే మిగులుతుంది, పలక చెత్తకుప్పలోకే. 428 చైనుకు లింకు నుంచి లింకుకు దూరం 12.7 మిల్లీమీటర్లు, రోలర్ వ్యాసం 8.51. కట్టర్ దానికి సరిపోవాలి. కోయడం మాకు వచ్చు, ఆ తర్వాత పళ్లను గట్టిపరిచే హార్డెనింగ్ దగ్గరే చాలామంది డబ్బులు మిగుల్చుకునేవారు. హార్డెనింగ్ లేని పళ్లు కొన్నాళ్లకే కొక్కేల్లా వంగి చైనును తినేస్తాయి. "మీరు కోసింది అరిగిపోయింది" అని మళ్లీ మా గేటు దగ్గరికే!

ఎవరి లెక్క సరైనది? నా ఓటు బరువు మోసేవాళ్లకే. ఘట్‌కేసర్ వైపు నుంచి రెండు పక్కలా క్యాన్లు వేలాడేసుకొని వచ్చే పాలవాళ్లు, టీవీఎస్ మీద గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్లు వెనక రెండు మూడు పళ్లు పెంచుకున్నారంటే అందులో షోకు లేదు. క్లచ్ కాలకుండా బండి కదలడానికే ఆ ఏర్పాటు. పికప్ కోసం ముందు పళ్లు తగ్గించినవాడు మాత్రం ఒకటి గమనించడు. చిన్న చక్రం చుట్టూ చైను ఎక్కువగా వంగి తిరుగుతుంది, త్వరగా సాగుతుంది.

1990లో గల్ఫ్ గొడవతో పెట్రోలు ధర ఎగిరినప్పుడు మైలేజీ పార్టీ బలం పెరిగింది. 15 పళ్లు వేసుకొని రోజూ బీబీనగర్, భువనగిరి వెళ్లొచ్చేవాళ్లకు లాభం కనిపించింది. వరంగల్ రోడ్డు మీద టాప్ గేరు వేస్తే మళ్లీ మార్చే పని ఉండేది కాదు. హబ్సిగూడ, నాచారం, ఉప్పల్ మధ్యే తిరిగేవాళ్లకు ఏమీ మిగల్లేదు. టాప్ గేరే పడని చోట అదనపు పన్ను ఎందుకు? మూడో గేరులో ఈడుస్తూ, సగం క్లచ్ మీద నడుపుతూ మిగిలిందంతా క్లచ్ ప్లేట్లకు పెట్టారు. తర్వాత ఉప్పల్ రోడ్డు మరీ ఇరుకైంది. 2005లో అక్కడి స్టేడియంలో వన్డేలు మొదలయ్యాయి. మెట్రో స్తంభాలు లేచి 2017లో రైలు నడిచింది. నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్లకేళ్లు సాగాయి. ఆ గుంతల్లో 15 పళ్ల బండి నడపడం ఒక శిక్ష.

ఇప్పుడు మా దగ్గర పళ్లు కోయించుకునేవారు లేరు. ముందుదీ, వెనకదీ, చైనూ కలిపి ఒకే డబ్బాలో కిట్టుగా వస్తున్నాయి, కోయంబత్తూరు రోలాన్ లాంటివి. పాత బండ్లలో చాలావాటికి స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చేది, కాబట్టి పళ్లు మార్చినా కిలోమీటర్లు సరిగ్గానే పడేవి. కొన్ని కొత్త బండ్లలో సెన్సర్ గేర్‌బాక్సు దగ్గర ఉంటుంది. అలాంటి బండికి వెనక పళ్లు పెంచితే నడిచినదాని కన్నా ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. పికప్‌తోపాటు మైలేజీ కూడా పెరిగిందని చెప్పేవాడు తగిలితే, సెన్సర్ ఎక్కడుందో ముందు అడగండి.

నా మాట అడిగితే ఇంతే. ఊళ్లో తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన పళ్లే ఉంచండి. రోజూ భువనగిరి దాటేవాళ్లు ఒక పన్ను పెంచుకోవచ్చు, ముందు మూతలో చైను తగలనంత జాగా ఉంటేనే. కిట్టు మార్చేటప్పుడు పాత చక్రాల పళ్లు దుకాణంలోనే, మీ వేలితో లెక్కపెట్టుకోండి.