జోకులకు పట్టా

ఆ కట్టెలు జర ఎగదోయి బిడ్డా, చలి పెడుతుంది. మీరు ఫోన్ల ముక్కలు ముక్కలుగ సూసే ఈ రాత్రి షోలకు, మేం న్యూజెర్సీకి వచ్చిన కొత్తల ఒక్కడే రాజు, జానీ కార్సన్. 1962 నుంచి 1992 దాక ఎన్‌బీసీల ‘టునైట్ షో’ ఆయనదే.

పెద్ద పాగ సుట్టుకొని కార్నాక్ వేషంల వచ్చేటోడు. మూసిన కవరు నొసటికి ఆనిచ్చి ముందుగాల జవాబు చెప్పేది, ఆనక కవరు చింపి ప్రశ్న చదివేది. పడీపడీ నవ్వేటోళ్లం. తర్వాత తెలిసింది, ఆ తిరకాసు ఆట అంతకుముందే స్టీవ్ అలెన్ ఆడిండని. 1954ల ‘టునైట్’ మొదలైందే ఆయనతోని. అలెన్ ఒంటినిండ టీ పొట్లాలు కట్టుకొని నీళ్లల్ల మునిగితే, 1980లల్ల ఎన్‌బీసీలనే ఇంకో రాత్రి షో నడిపే డేవిడ్ లెటర్‌మన్ ఆల్కా-సెల్ట్‌జర్ గోలీల సూటు తొడిగి తొట్టిల దిగిండు, బుసబుస పొంగుకుంట. అలెన్ దగ్గర నేర్చుకున్ననని దాచలేదు కూడ.

అసలు లొల్లి కార్సన్ దిగిపోయినంక. గద్దె లెటర్‌మన్‌కు అనుకుంటే ఇంకో హాస్యగాడు జే లెనోకు దక్కింది. లెనో తక్కువోడా! ఎన్‌బీసీ పెద్దసార్లు ఫోన్ల తన గురించి ఏం మాట్లాడుతున్నరో అని చిన్నగదిల నక్కి విన్నడు. మీ నాయినమ్మ అయినా లెనో పార్టీనే, రిమోటేమో ఆమె చేతిల.

1993ల లెటర్‌మన్ పోటీ చానల్ సీబీఎస్‌కు పోతుంటే ఎన్‌బీసీ పేచీ పెట్టింది. ఆయన షోల చదివే టాప్ టెన్ నవ్వుల జాబితా మాది, పెంపుడు జంతువుల పిచ్చి విద్యలు మావి, అంత మేధో సంపత్తి అని! మన పిట్టలదొర కోతలకు పట్టా ఎవరి పేరు మీదుంది? వీళ్లకైతే వకీళ్లు కావాల్సొచ్చిండ్రు. జాబితా ‘లేట్ షో టాప్ టెన్’ అయింది. మొదటి రాత్రే ఎన్‌బీసీ వార్తల టామ్ బ్రోకా స్టేజి మీదికొచ్చి, ఇవి మా సొత్తని జోకుల కార్డులు రెండు పట్టుకపోయిండు. అది కూడ జోకే అయింది.

కార్సన్ మాత్రం ఇంటికాడ ఉండి జోకులు రాసి పంపేటోడు, తన పాత షోకు కాదు, లెటర్‌మన్‌కు. 2005ల ఆయన పోయినంక లెటర్‌మన్ ఒక రాత్రి మొదటి ముచ్చటంత ఆ జోకులతోనే చెప్పిండు. జనం నవ్వినంక గాని, అవి రాసింది కార్సన్ అని చెప్పలేదు.