పిల్లి దత్తత పత్రం: లండన్ సంరక్షణ గృహాల చరిత్ర – ఒక పరిశీలన

సంరక్షణ సంస్థ నుండి పిల్లిని ఇంటికి తెచ్చుకోవడాన్ని ఇప్పుడు తెలుగులో ‘దత్తత’ అంటున్నారు. ఈ పదాన్ని కొంత జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం ఒకసారి చెల్లుబాటైన దత్తతను రద్దు చేయడానికి వీలులేదు. దానికి ప్రతిఫలంగా సొమ్ము పుచ్చుకోరాదు. పిల్లి దత్తతలో ఈ రెండు సూత్రాలూ తలకిందులవుతాయి. సంస్థ సాధారణంగా కొంత రుసుము తీసుకొంటుంది. పెంచలేని పరిస్థితి ఏర్పడితే పిల్లిని తమకే తిరిగి అప్పగించాలని ముందుగానే సంతకం చేయించుకొంటుంది. సంతాన నిరోధక శస్త్రచికిత్స తప్పనిసరి అంటుంది, ఒక్కొక్కప్పుడు ఇల్లు చూడటానికి వస్తామంటుంది. (హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఇదే ‘దత్తత’ పదానికి అర్థం వేరు: అక్కడ దాత పోషణ వ్యయం భరిస్తాడు, జంతువు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.) వీధిపిల్లికి ఇంత తతంగం ఎందుకని విసుక్కొనేవారు లేకపోలేదు. అయితే ఈ షరతులు కాగితంపై ఊరికే పుట్టినవి కావు. వాటి అవసరం ఎలా ఏర్పడిందో లండన్ నగర చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1860లో మేరీ టీల్బీ అనే మహిళ లండన్‌లోని హాలోవే ప్రాంతంలో తప్పిపోయిన, ఆకలితో అలమటించే కుక్కల కోసం ఒక తాత్కాలిక గృహాన్ని స్థాపించింది. మనుషులే పస్తులుంటున్న నగరంలో కుక్కలకు సత్రమా అని నాటి పత్రికలు ఎగతాళి చేశాయి. ఆమె 1865లో మరణించింది. గృహం 1871లో బాటర్సీకి తరలి, నేటికీ ఆ పేరుతోనే ప్రసిద్ధమై ఉంది. ఈ సంస్థ నిలదొక్కుకోవడానికి దయాగుణం ఒక్కటే కారణం కాదు. 1867 నాటి మహానగర వీధుల చట్టం దిక్కులేని కుక్కలను పట్టుకొనే అధికారాన్ని పోలీసులకిచ్చింది. పట్టుకొన్న కుక్కలను ఉంచడానికి ఒక చోటు కావలసివచ్చింది. కుక్కకు లైసెన్సు ఉంది, కుక్క కాటుకు పిచ్చివ్యాధి భయం ఉంది. ఆ విధంగా అది ప్రభుత్వ దృష్టిలో పడింది.

పిల్లికి ఇవేవీ లేవు. పాత ఆంగ్ల న్యాయసంప్రదాయం పిల్లిని దొంగతనం నేరానికి తగిన ఆస్తిగా కూడా గుర్తించలేదు. బాటర్సీ గృహం మొదలైన ఇరవై మూడేళ్లకు గాని, అంటే 1883లో గాని, అక్కడ పిల్లులకు ప్రవేశం లభించలేదు. ఈలోగా 1871లో హారిసన్ వియర్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పిల్లుల ప్రదర్శన నిర్వహించాడు. జాతిపిల్లికి బహుమతి, ఖరీదు ఏర్పడ్డాయి గాని, సందులో తిరిగే పిల్లి స్థితి మారలేదు.

1883 తరువాతి సంవత్సరాన్ని కూడా చూడాలి. వైద్యుడు బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ రూపొందించిన విషవాయు గదిని బాటర్సీలో 1884లో నెలకొల్పారు. వారసులు రాని, కొనేవారు దొరకని కుక్కలను నొప్పి తెలియకుండా చంపడం దాని ఉద్దేశం. నాటి నిర్వాహకుల దృష్టిలో ఇది దయకు విరుద్ధం కాదు, దయలో భాగమే. కనుక ‘ఆశ్రయం’ అనే మాటను నేటి అర్థంలో ఆ కాలానికి అన్వయించడం పొరపాటు. ఇల్లు దొరకడం అదృష్టవంతమైన మినహాయింపుగానే ఉండేది.

అయితే పిల్లిని ఇంట్లోకి తెచ్చుకొన్నవారు దానినుండి ఏమి ఆశించారు? ప్రధానంగా ఎలుకల వేట. 1929లో బ్రిటిష్ హోం శాఖ తన కార్యాలయపు పిల్లి పోషణకు రోజుకొక పెన్నీ మంజూరు చేసింది. ఆ దస్త్రం నేటికీ జాతీయ అభిలేఖాగారంలో ఉంది. తెలుగువారికి ఇక్కడ తెనాలి రామకృష్ణుని పిల్లి కథ గుర్తుకురాక మానదు. ఎలుకల బాధకు రాయలు ఇంటికొక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇచ్చి, కొంతకాలానికి తనిఖీ చేయించాడని కథ. రామకృష్ణుడు కాగిన పాలు పెట్టి నోరు కాల్చడంతో పిల్లి పాలంటేనే పారిపోయింది. ఇది చరిత్ర కాదు, చాటుకథ. అయినా పిల్లిని అప్పగించడం, పోషణకు ఏర్పాటు చేయడం, తరువాత చూసిపోవడం అనే మూడు అంశాలూ అందులో ఉన్నాయి. తనిఖీ ఉన్నచోటనే బయటపడిన మోసం అది. మనం రామకృష్ణుని తెలివికి నవ్వుకొంటాం గాని, నోరు కాలిన పిల్లి గురించి ఆలోచించం.

పిల్లిపై గృహస్థునికి ఉన్న హద్దులేని హక్కు 1939 సెప్టెంబరులో ఎంత దూరం పోయిందో చూడవచ్చు. యుద్ధం ప్రకటించిన తొలి వారంలో లండన్‌లో సుమారు 4 లక్షల పిల్లులు, కుక్కలు చంపబడ్డాయని చరిత్రకారిణి హిల్డా కీన్ తన గ్రంథంలో వివరించారు. అప్పటికి నగరంపై ఒక్క బాంబు పడలేదు. చంపవలసిందిగా ప్రభుత్వం ఆజ్ఞాపించనూ లేదు. వీలైతే పెంపుడు జంతువులను పల్లెలకు పంపమని, వీలుకాకపోతే చంపించడమే దయ అని ఒక కరపత్రం సలహా మాత్రం ఇచ్చింది. యజమానులే తమ జంతువులను తీసుకొని వైద్యశాలల ముందు బారులు తీరారు. వారిని క్రూరులని కొట్టిపారేస్తే ఈ ఘటన అర్థం కాదు. నిన్నటివరకు ఒడిలో కూర్చోబెట్టుకొన్నవారే వారు. భయం కలిగిన రోజున మరో దారి వారికి కనిపించలేదు. ‘పెంచలేకపోతే మాకే ఇవ్వండి’ అనే నేటి షరతు అటువంటి రోజుకు ముందుగా చూపించే దారి అని నా అభిప్రాయం.

1927లో ఏర్పడిన క్యాట్స్ ప్రొటెక్షన్ లీగ్ పిల్లులకోసమే పనిచేసే సంస్థ. పుట్టే పిల్లల సంఖ్య తగ్గకుండా చంపడం తగ్గదన్న గ్రహింపు క్రమంగా బలపడటంతో శస్త్రచికిత్స దత్తతలో భాగమైంది. ఆసక్తికరమైన విషయమేమంటే పాత ప్రయోజనం పూర్తిగా పోలేదు. 2011లో ప్రధానమంత్రి నివాసం ముందు ఎలుక కనిపించిన తరువాత, బాటర్సీ నుండి ల్యారీ అనే పిల్లిని తెచ్చి ఎలుకలు పట్టే ఉద్యోగపు హోదా ఇచ్చారు. ఇక ఇంగ్లండు చట్టం పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి చేసినది 2024 జూన్ 10 నుండి. కుక్కలకు ఆ నియమం 2016లోనే వచ్చింది. పిల్లి ఎవరిదో నమోదు చేయడంలో చట్టం మరోసారి వెనుకబడింది.

మనదేశంలోనూ క్రమం ఇంచుమించు ఇదే. మద్రాసులో 1959లో బ్లూ క్రాస్, హైదరాబాదులో 1992లో అక్కినేని అమల చొరవతో బ్లూ క్రాస్ ఏర్పడ్డాయి. 2023 వరకు అమలులో ఉన్న 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాల శీర్షికలోనే ‘కుక్కలు’ అని ఉండేది. వాటిలో పిల్లి ప్రసక్తి ఉండేది కాదు. బెడదగా మారిన పిల్లిని, దారి గుర్తుపట్టకుండా గోనెసంచిలో కట్టి ఊరి అవతల వదిలిరావడం తెలుగు పల్లెల్లో అందరూ ఎరిగిన పద్ధతే. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును అకారణంగా వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం. తొలి నేరానికి జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు. అదైనా విధించాలంటే ఆ పిల్లి ఫలానావారిదని ముందు రుజువు కావాలి. చాలా ఇళ్లలో అందుకు లిఖిత ఆధారం ఏదీ ఉండదు. దత్తత తెచ్చుకొన్న పిల్లి విషయంలో మాత్రం సంతకం చేసిన ఆ పత్రం ఉంటుంది.