నీళ్ళ పండగ ఎన్ని రోజులుంటే గిట్టుబాటు?

థాయ్‌లాండ్ అనగానే మన సాఫ్ట్‌వేర్ జనాల్లో చాలామందికి ఆఫీసు ఫ్రెండ్సుతో వేసిన బ్యాంకాక్ ట్రిప్పు గుర్తొస్తుంది. ఏప్రిల్లో వెళ్ళినవాళ్ళకైతే సోంక్రాన్ గుర్తొస్తుంది. రోడ్డు మీద ఎవరు కనబడితే వాళ్ళ మీద బక్కెట్లతో, నీళ్ళ తుపాకులతో నీళ్ళు కొట్టే పండగ అది. పేరు మన సంక్రాంతే, మూలం ఒకే సంస్కృత పదం. మనది సూర్యుడు మకరంలోకి వచ్చినప్పటిది, వాళ్ళది మేషంలోకి వచ్చినప్పటిది.

ఆనవాయితీగా ఈ పండగ ఏప్రిల్ 13 నుంచి 15 దాకా మూడు రోజులు. 2023 డిసెంబరులో యునెస్కో దీన్ని తన వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఊపులో అక్కడి ప్రభుత్వం 2024లో ఏప్రిల్ 1 నుంచి 21 దాకా, అంటే మూడు వారాలు, సంబరాలు అని ప్రకటించింది. టూరిస్టులు ఎక్కువ రోజులుంటే ఎక్కువ డబ్బు వస్తుందని లెక్క. లెక్క చూడ్డానికి బాగానే ఉంది. మూడు రోజులకి ఇంత వస్తే ఇరవై ఒక్క రోజులకి దానికి ఏడింతలు! కానీ బజార్లో కొట్టు పెట్టుకున్నవాడెవడూ ఈ లెక్క ఒప్పుకోడు. హోటలు వాడికీ, నీళ్ళ తుపాకులమ్మే వాడికీ పండగే. బట్టల కొట్టుకీ, సెల్‌ఫోను రిపేరు వాడికీ, మందుల షాపుకీ తడవకుండా గిరాకీ లోపలికి రావాలి కదా?

అనంతపురం గురించి రాయాల్సిన వాణ్ణి థాయ్‌లాండ్ ఎందుకు వెళ్ళానంటే, ఇదే ప్రశ్న మనకీ ఉంది కాబట్టి. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడే మన మెట్టలో నీళ్ళ పండగేమిటని నవ్వుకోకండి. ఆరొందల ఏళ్ళ కిందటే మన పొరుగున నీళ్ళు చల్లుకునే పండగ ఉండేది. దానికి సాక్షి కూడా ఉన్నాడు.

సుమారు 1420 ప్రాంతంలో నికోలో కాంటి అనే ఇటలీ వర్తకుడు విజయనగరం చూశాడు. ఆయన చెప్పిన సంగతుల్ని పోజ్జో అనే పండితుడు లాటిన్లో రాసిపెట్టాడు. ఆ ఊళ్ళో జరిగే పండగల్లో ఒకటి మూడు రోజులుంటుందట. దారి పక్కన కుంకుమపువ్వు కలిపిన నీళ్ళు పెట్టి, వచ్చేపోయే వాళ్ళందరి మీదా చల్లుతారట. రాజూ రాణీ వచ్చినా వదలరట, అందరూ నవ్వుతూ తడుస్తారట. ఇది హోలీయో వసంతోత్సవమో అయ్యుండాలి. హంపీ మహర్నవమి దిబ్బ రాళ్ళ మీద ఆడవాళ్ళు వసంతాలాడుతున్న శిల్పాలు ఇప్పటికీ చూడొచ్చు.

ఇందులో నన్ను ఆపింది రంగునీళ్ళు కాదు, రోజుల లెక్క. అదే కాంటి తొమ్మిది రోజులు జరిగే ఇంకో పండగ గురించి కూడా చెప్పాడు. అది మహర్నవమి అని చరిత్రకారుల మాట. అంటే ఒకే ఊళ్ళో నీళ్ళ పండక్కి మూడు రోజులూ, ఇంకోదానికి తొమ్మిది రోజులూ. ఎందుకీ తేడా?

దీనికి జవాబు వందేళ్ళ తర్వాత వచ్చిన పోర్చుగీసు వాళ్ళ రాతల్లో దొరుకుతుంది. 1520 ప్రాంతంలో వచ్చిన పేస్ ఈ తొమ్మిది రోజుల ఉత్సవాన్ని పూసగుచ్చినట్టు వర్ణించాడు. కుస్తీలు, నాట్యాలు, ఏనుగులు, గుర్రాలు, బాణసంచా అన్నీ ఉన్నాయి. 1535 ప్రాంతంలో రాసిన గుర్రాల వ్యాపారి నూనిజ్ మాత్రం అసలు విషయం పట్టుకున్నాడు. నాయకులు రాజుకి కట్టాల్సిన పన్ను సొమ్ము ఈ పండగ రోజుల్లోనే కట్టేవాళ్ళని రాశాడు. అంటే మహర్నవమి రాజ్యానికి ఇయర్ ఎండ్ క్లోజింగ్ అన్నమాట. నలుమూలల నుంచీ నాయకులు తమ పరివారంతో, గుర్రాలతో, డబ్బు మూటలతో వచ్చి రాజధానిలో దిగేవాళ్ళు. అంతమందికి తిండి, గడ్డి, బట్టలు, నగలు అన్నీ అక్కడి బజార్లోనే కొనాలి. పండగే మార్కెట్టు. ఇక అది తొమ్మిది రోజులు సాగితే బజారుకి నష్టమేముంది?

వసంతాలాటలో ఇదేమీ లేదు. బయట నుంచి పన్ను సొమ్ము రాదు, నాయకులు రారు. ఊరివాళ్ళు ఊరివాళ్ళ మీదే నీళ్ళు చల్లుకుంటారు. నవ్వుకోడానికి మూడు రోజులు చాలు, నాలుగో రోజు దుకాణం తెరవాలి. ఇలా ఆలోచించే ఆ గడువు పెట్టారని నేననను. కానీ పండగ పొడుగుకీ వ్యాపారానికీ ఉన్న సంబంధం మాత్రం ఇక్కడే కనిపిస్తుంది. ఎన్ని రోజులన్నది తర్వాతి ప్రశ్న. ఆ పండగ బయటి డబ్బుని లోపలికి తెస్తుందా, లేక లోపలి డబ్బునే అటూ ఇటూ తిప్పుతుందా అన్నది మొదటి ప్రశ్న.

ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. హంపీకి తుంగభద్ర పక్కనే ఉంది. విజయనగరం రాజులు తవ్విన కాలువల్లో కొన్ని ఇప్పటికీ పొలాలకి నీళ్ళిస్తున్నాయి. అక్కడివాళ్ళు నీళ్ళు చల్లుకున్నారంటే వాళ్ళకి చెల్లింది. అదే రాజుల ఏలుబడిలో అనంతపురానికి దక్కింది చెరువు. ఊరి పక్కనున్న బుక్కరాయసముద్రం ఆ కాలం నాటిదే. ఆ చెరువు గురించి మనవాళ్ళు చెప్పుకునే కథ ఏమిటి? కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే కోడలు తన ప్రాణమిచ్చి ఆపిందని. దీన్నే సి.ఆర్. రెడ్డి గారు "ముసలమ్మ మరణం" కావ్యంగా రాశారు. ఒక ఊరు నీళ్ళతో ఆడుకుంది, ఇంకో ఊరు నీళ్ళ కోసం మనిషిని ఇచ్చుకున్న కథ చెప్పుకుంది. మధ్య దూరం బళ్లారి మీదుగా ఒక పూట ప్రయాణం.

1565లో విజయనగరం పడిపోయాక తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకి మార్చాడు. కాలక్రమంలో రాజులు పోయారు, మహర్నవమి దర్బారూ పోయింది. మన వైపు మిగిలినవి సంతలు, తిరునాళ్ళు, పీర్ల పండగలు. పొడుగాటి పండగలు మన జిల్లాలో కొత్తేం కాదు. కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణ మాసంలో రెండు వారాల దాకా నడుస్తాయి. (2022 ఏప్రిల్ నుంచి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉందనుకోండి, అయినా మెట్ట అదే మెట్ట.) తేరు రోజున భక్తులు దవనం, మిరియాలు రథం మీదకి చల్లుతారు. కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు, ముస్లింలూ వస్తారు.

ఆ దవనం, మిరియాలు చూడండి. చల్లడానికి ఏదో ఒకటి కొనాలి, ఎవరో ఒకరు అమ్మాలి. బొరుగులు, బత్తాసులు, గాజులు, బొమ్మలు, అన్నీ చిన్న వ్యాపారాలే. రద్దీ మొత్తం తేరు రోజునే పోగవుతుంది, మిగతా రోజులు ఊరు ఊరిలాగే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే పీక్ లోడ్ ఒక్క రోజే, సర్వరు మాత్రం రెండు వారాలూ నడుస్తూనే ఉంటుంది :). రెండు వారాలూ తేరు రోజులాగే రోడ్లు బంద్ అయితే కదిరి బజారు తట్టుకోగలదా?

ఇప్పుడు నార్పల మండలం గూగూడుకి రండి. కుళ్ళాయిస్వామి పీర్ల పండగ. మొహర్రం నెలలో జరిగే ఈ పండక్కి హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. అగ్నిగుండం, చక్కెర చదివింపులు, దుకాణాలు, అన్నీ ఉంటాయి. మన ప్రశ్నకి ఇది మంచి టెస్ట్ కేసు. మొహర్రం చాంద్రమాన క్యాలెండరు ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా దాదాపు 11 రోజులు ముందుకి జరుగుతుంది. 2016లో మొహర్రం అక్టోబరులో వచ్చింది, అంటే శెనక్కాయ పీకే కాలం. 2024లో జూలైలో వచ్చింది, అంటే విత్తనం వేసే కాలం. అదే ఊరు, అదే పీరు, అన్నే రోజులు. కానీ పంట చేతికొచ్చే నెలలో రైతు జేబు వేరు, విత్తనాలకీ ఎరువులకీ అప్పు చేసే నెలలో రైతు జేబు వేరు. పంట కాలంలో పండగొస్తే దుకాణదారుడికి లాభం. విత్తే కాలంలో వస్తే, రైతు అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ ఎరువుల కొట్టులో తగ్గుతుంది, లేదా అప్పు చిట్టాలో పెరుగుతుంది. పండగ పొడుగొక్కటే చూసి లాభనష్టాలు తేల్చేవాళ్ళకి ఈ తేడా కనపడదు.

ఇక అచ్చమైన నీళ్ళ పండగ, పుష్కరాలు. పన్నెండేళ్ళకోసారి, పన్నెండు రోజులు. పెన్నకి పుష్కరం లేదు కాబట్టి మనవాళ్ళకి దగ్గరగా ఉండేది తుంగభద్ర పుష్కరం. మంత్రాలయమో కర్నూలో వెళ్ళాలి. అంటే అనంతపురం బజారు వైపు నుంచి చూస్తే పుష్కరం డబ్బుని బయటకి పంపే పండగ. మరి ఘాటు ఉన్న ఊరికైనా లాభమా? కొంతమందికి అవును. లాడ్జీలు, ఆటోలు, పూజసామాన్ల కొట్లు, పురోహితులు బాగుపడతారు. కానీ వాహనాలు ఊరి బయటే ఆపేస్తారు, బారికేడ్లు కడతారు. ఘాటు పక్క వీధిలో ఇనుప సామాన్ల కొట్టుకి ఆ పన్నెండు రోజులూ గిరాకీ రాదు. అన్నదానం విరివిగా జరిగితే టోకు బియ్యం వ్యాపారికి ఆర్డరు దొరుకుతుంది, రోడ్డు పక్క ఇడ్లీ బండికి బేరం పోతుంది. ఒకే పండగ, ఒకే వీధి, ఇద్దరికి రెండు రకాల లెక్కలు.

పన్నెండు రోజులు కదా, జనం సర్దుకుంటారులే అనుకోడానికీ లేదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాలు మొదలైన రోజే రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. రోజులు పెంచితే లోడు దానంతటదే సమంగా పంచుకోదు. ముహూర్తం అనే నమ్మకం ఉన్నంతకాలం జనం ఒక్క గంటలోనే వస్తారు. ఇంకోపక్క, 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలప్పుడు కరోనా వల్ల ఆంధ్ర ప్రభుత్వం నదిలో మునకలకి అనుమతివ్వలేదు. పన్నెండేళ్ళు ఎదురుచూసి సరుకు నింపుకున్న చిన్న వ్యాపారి ఎవరైనా ఉంటే ఏమైపోవాలి? ఏడాది బతుకుని ఒక పండగ మీద పెట్టుకోవడంలో ఉన్న ప్రమాదం ఇదే. 2020లో సోంక్రాన్ సెలవుల్ని వాయిదా వేసినప్పుడు థాయ్ వ్యాపారులకీ ఇదే అనుభవం.

2016 ఆగస్టు గురించి చెప్పకుండా ఈ టపా ముగించలేను. ఆ నెల 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు. విజయవాడలో ఘాట్లు, లైట్లు, జనం. అదే నెలలో అనంతపురంలో వానలు మొహం చాటేసి శెనక్కాయ చేలు వాడిపోతున్నాయి. పుష్కరాలు ముగిసిన కొద్ది రోజులకే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అనంతపురం వచ్చి మకాం వేశారు. ట్యాంకర్లతో నీళ్ళు తోలి రెయిన్ గన్లతో చేలు తడిపించే ప్రయత్నం జరిగింది. థాయ్‌లాండులో నీళ్ళ తుపాకీ ఆటవస్తువు, మన దగ్గర పంటకి ఆక్సిజన్ సిలిండరు. అది ఎంతవరకు పనిచేసిందన్న రాజకీయ చర్చలోకి నేను పోను. కానీ మన బజారు దేని మీద నడుస్తుందో ఆ నెల తేటతెల్లం చేసింది. శెనక్కాయ పండితే బట్టల కొట్టు నడుస్తుంది, బంగారం కొట్టు నడుస్తుంది, ట్రాక్టరు షోరూము నడుస్తుంది. పండకపోతే ఎన్ని రోజులు ఉత్సవాలు చేసినా కొనేవాడు ఉండడు.

దీనికి తిరగేసిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు 2012లో జీడిపల్లి రిజర్వాయరుకి చేరాయి, 2016 చివర్లో పెనుకొండ దగ్గరి గొల్లపల్లికి చేరాయి. జలహారతి ఇచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు, ఒక్క రోజుతో పండగ అయిపోయింది. 2017లో అక్కడికి దగ్గర్లోని ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ ఖరారైంది, 2019లో కార్లు బయటికొచ్చాయి. నీళ్ళొక్కటే కారణం కాదు, భూమి, రాయితీలు, బెంగుళూరు హైవే అన్నీ ఉన్నాయి. కానీ నీళ్ళు లేకుండా మాత్రం ఆ ఫ్యాక్టరీ వచ్చేది కాదు. ఒక్కరోజు నీళ్ళ పండగ పెనుకొండ చుట్టుపక్కల అద్దెల్నీ, హోటళ్ళనీ మార్చేసింది.

ఇదంతా చదివి నేను ఉత్సవాలకి వ్యతిరేకం అనుకోకండి. లేపాక్షి ఉత్సవాలు 2016లో, 2018లో రెండేసి రోజులు జరిపారు. వాటిని పొడిగించండి, టూరిజం పెరుగుతుంది అని రేపు ఎవరైనా అడగొచ్చు. అడగనివ్వండి. ఒప్పుకునే ముందు మాత్రం మూడు సంగతులు తేల్చుకోవాలి. వచ్చేవాళ్ళు హిందూపురంలో రాత్రి ఉండి భోంచేస్తారా, లేక బెంగుళూరు నుంచి కార్లో వచ్చి ఫోటోలు దిగి సాయంత్రానికి వెళ్ళిపోతారా? స్టాళ్ళు ఊరివాళ్ళకి దక్కుతాయా, వేలంలో బయటి కాంట్రాక్టరుకి పోతాయా? ఆ రోజుల్లో మామూలు గిరాకీ మామూలు దుకాణానికి చేరే దారి ఉంటుందా? మూడింటికీ మంచి జవాబులొస్తే తొమ్మిది రోజులు చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. లేకపోతే రెండు రోజులు చాలు, ఖర్చు పెట్టదలుచుకున్న మిగతా డబ్బుతో ఏదో ఒక చెరువు కట్ట బాగుచేయించండి.