మన చపాటా మిర్చి

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమన్నారు. కోట గురించి, తోరణాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కనుక నేను మిరపకాయను ఎంచుకున్నాను.

కాకతీయుల వంటింట్లో మిరపకాయ లేదు. వారి కారమంతా మిరియాలదే. అమెరికా ఖండపు మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. కొత్త కాయకు మనవాళ్లు పాత మిరియం పేరే పెట్టుకున్నారు. మిరియపు కాయే మిరపకాయ.

మా కేసముద్రం వైపు చపాటాను టమాటా మిర్చి అని కూడా అంటారు. కాయ పొట్టిగా, లావుగా ఉంటుంది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. కారమిచ్చే కాప్సైసిన్ గింజలు అంటుకునే తెల్లటి ఈనెలో ఉంటే, ఎరుపునిచ్చే కాప్సాంథిన్ పైతోలులో ఉంటుంది. ఈ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆవకాయ మూడోనాటికి నూనె తేలి ఎర్రబడేది ఇందుకే. మా ఇంట్లో పచ్చళ్లకు మూడు పాళ్లు చపాటా, ఒక పాలు తేజ కలుపుతారు. పండుమిర్చి తొక్కుకైతే చపాటా ఒక్కటే. తొడిమలు తీసి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పు, చింతపండు వేసి దంచి, తర్వాత మెంతిపొడి, వెల్లుల్లి చేర్చాలి. తేజ తొక్కు పడని మన వయసువారికీ ఇది పడుతుంది. బి.పి. ఉన్నవారు ఉప్పు సంగతి మాత్రం చూసుకోవాలి!

ఎరుపు కోసం చేసే కల్తీలూ ఉన్నాయి. బూటు పాలిష్‌లో వాడే సుడాన్ రంగు మన దేశపు కారంలో కలిసి వెళ్లినట్లు 2003లో ఐరోపాలో బయటపడి పెద్ద గొడవైంది. సహజంగా ఇంత రంగున్న కాయ పండే నేల మీద ఆ పని ఎవరు చేసినా నాకు సిగ్గుగానే ఉంటుంది.

రైతు కష్టం వేరు. 2021-22లో నల్ల తామర పురుగు మన జిల్లాల మిర్చి తోటలను తినేసింది. పూతలోనే పంట పోయింది. అప్పులు మిగిలాయి. తిమ్మంపేట రైతుల కంపెనీ, మల్యాల ఉద్యాన పరిశోధన కేంద్రం కలిసి చేసిన ప్రయత్నంతో 2025లో వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుంటూరు సన్నానికి ఎప్పుడో వచ్చినదే, మనకు ఇన్నాళ్లకు. కాగితం వచ్చింది సరే, ఆ పేరుకు తగిన రేటు కల్లం దగ్గరి రైతుకు అందాలి. ఎండాకాలం మొదట్లో ఏడాదికి సరిపడా కాయ కొని, గిర్నీలో మన కళ్లముందే పట్టించుకుంటే అతనికీ నాలుగు రూపాయలు, మనకూ అసలు ఎరుపు.