ఇరువది నాలుగు బొమ్మల అలవాటు

చలనచిత్రమున నిజముగా చలించునది ఏదియు లేదు. నిశ్చలమైన ఛాయాచిత్రములు వరుసగా తెరపై పడి తొలగుచుండగా మన కన్నులే వానిని కలిపి చలనముగా గ్రహించుచున్నవి. సెకనుకు ఎన్ని బొమ్మలు చాలునను ప్రశ్న సినిమా యంత పాతది. 2012లో ఒక అద్భుత కథాచిత్రము ఆ ప్రశ్నను మరల ముందుకు తెచ్చినది.

తొలినాళ్ళలో ఈ లెక్కకు కట్టుబాటు లేదు. ఎడిసన్ యంత్రములలో సెకనుకు 40కి పైగా బొమ్మలు నడచెడివి. 1895లో ల్యూమియేర్ సోదరులు సుమారు 16తో సరిపెట్టుకొనిరి. మూకీచిత్రముల కాలమున కెమెరా పిడి త్రిప్పువాని చేయియే ప్రమాణము. 1920ల చివర చిత్రమునకు మాట వచ్చుటతో ఆ స్వేచ్ఛ పోయినది. వేగము కొంచెము మారిన మనిషి నడక మారును; కన్ను సహించును. కాని స్వరము మారినచో చెవి సహింపదు. అందుచే సెకనుకు 24 బొమ్మలు, నిమిషమునకు 90 అడుగుల ఫిల్ము అను నియమము స్థిరపడెను. చూచు కళకు లెక్క కట్టినది వినికిడియే యనుట రేడియో శ్రోతలకు ముచ్చట గొలుపును.

ఈ నియమమును దాటు యత్నములు లేకపోలేదు. 1955లో ‘ఓక్లహోమా!’ చిత్రమును 30 బొమ్మల వేగముతో తీసిరి. తరువాత డగ్లస్ ట్రంబుల్ 60 బొమ్మల పద్ధతిని రూపొందించెను. ఏదియు వాడుకలో నిలువలేదు.

టోల్కీన్ 1937లో ప్రకటించిన ‘హాబిట్’ కథను న్యూజీలాండు దర్శకుడు పీటర్ జాక్సన్ తెరకెక్కించునని తెలిసినప్పుడు అభిమానుల ఆశలకు మేర లేకుండెను. అదే రచయిత మరియొక గాథను ఆయన 2001-2003 నడుమ మూడు చిత్రములుగా తీయగా, చివరిది 11 ఆస్కార్ బహుమతులు గెలుచుకొనెను. ఇట్టి ఎదురుచూపుల నడుమ, క్రొత్త చిత్రము 48 బొమ్మల వేగముతో తయారగుచున్నదని ఆయన 2011లో వెల్లడించెను. కదలికలోని మసక తగ్గునని, త్రిపరిమాణ చిత్రము కంటికి శ్రమ నీయదని ఆయన వాదము.

2012 ఏప్రిల్‌లో లాస్ వేగస్ నగరమున ప్రదర్శకులకు సుమారు పది నిమిషముల భాగమును చూపిరి. చూచినవారిలో పలువురు ఇది సినిమావలె గాక టెలివిజనువలె నున్నదనిరి. అభిమానులకు దిగులు పట్టుకొనెను. మరుగుజ్జుల గడ్డములు అతికించినవిగాను, గుహలు అట్టతో కట్టినవిగాను కనిపించినచో కథ ఏమగును?

ఈ భయమునకు కారణము లేకపోలేదు. ఆటల పోటీలను, వార్తలను చూపు టెలివిజను కదలిక తెరపై మరింత నునుపుగా సాగును. అట్టి నునుపును చూడగనే మనస్సు దానిని కండ్లయెదుట జరుగుచున్న సంగతిగా భావించును. 24 బొమ్మల మసకను మాత్రము కథగా గ్రహించును.

ఆ డిసెంబరులో చిత్రము విడుదలయ్యెను. కొన్ని శాలలలో 48, తక్కినవానిలో 24 బొమ్మలతో ఆడి, ప్రపంచమున 100 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించెను. అయినను వేగమును గూర్చిన వివాదము తీరలేదు. 2016, 2019లలో ఆంగ్ లీ 120 వరకు పోయెను. 2022లో జేమ్స్ కామెరాన్ ‘అవతార్’ రెండవ భాగమున 48ని కొన్ని దృశ్యములకే పరిమితము చేసెను. అత్యధిక చిత్రములకు నేటికిని 24 బొమ్మలే ఆధారము.

దీనిని వట్టి అలవాటని త్రోసివేయుటకు మేము సిద్ధముగా లేము. బామ్మ చెప్పు కథలో రాక్షసుని కోరల కొలత ఉండదు. వినువాడే దానిని పూరించుకొనును. యంత్రము అన్నియు చూపగలిగిన నాడు, ప్రేక్షకుని ఊహకు ఎంత విడువవలెనో తేల్చుకొను బాధ్యత కళాకారునిపై మరింత పడుచున్నది.