వీధి పాటలో అమ్మ గొంతు

ర్యాప్ పాటలంటే మనలో చాలామందికి చిరాకు. రాగం లేకుండా గబగబా మాటలు దొర్లించేసి, దాన్నే పాట అంటారేమిటని! పోనీ ఆ మాటలైనా మంచివా అంటే తుపాకులూ, మత్తుమందులూ, ఆడవాళ్ళంటే చులకనా! వీధి గొడవ మనకెందుకని తలుపేసుకుంటాం. కానీ ఈ పాటల చరిత్ర తిరగేస్తే మొదటి పేజీలోనే ఓ అమ్మాయి కనిపిస్తుంది.

1973 ఆగస్టు 11. న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేట. బడి తెరిచేలోగా సిండీ కాంప్‌బెల్‌కి కొత్త బట్టలు కావాలి. డబ్బు కోసం తామున్న భవనంలోనే ఓ పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టిక్కెట్టు. రికార్డులు వేసే పని సోదరుడు క్లైవ్‌ది. కూల్ హెర్క్ అంటే అతనే. పాటలో దరువు మాత్రమే వినిపించే ముక్కను పట్టుకుని, దాన్నే సాగదీసి జనాన్ని ఆడించేవాడు. హిప్‌హాప్ పుట్టింది ఆ రాత్రేనంటారు. అంటే, ఓ చెల్లాయి బడి బట్టల కోసం పుట్టిందన్నమాట!

పదిహేనేళ్ళలో ఈ పాట దేశం ఆ కొసకి చేరింది. 1988లో లాస్ ఏంజిలిస్ దగ్గరున్న కాంప్టన్ కుర్రాళ్ళు, ఎన్.డబ్ల్యు.ఎ. బృందం వాళ్ళు, పోలీసుల దౌర్జన్యాన్నీ వీధుల్లో హింసనీ అరిచి మరీ చెప్పారు. కాంప్టన్ పేరు లోకానికంతా తెలిసింది, భయపడేలా తెలిసింది.

అదే ఊళ్ళో 1987లో పుట్టాడు కెండ్రిక్ లమార్. షికాగోలో ముఠాల బెడద పడలేక 1984లో అతని తల్లిదండ్రులు కాంప్టన్ వచ్చారు. పాపం, తప్పించుకుందామనుకున్నదే ఇక్కడా ఎదురొచ్చింది. 2011లో మొదటి ఆల్బమ్ చేసిన కెండ్రిక్, 2012 అక్టోబరులో రెండోది తెచ్చాడు. పేరు 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'. మంచి పిల్లాడు, పిచ్చెక్కిన ఊరు.

దాని అట్ట మీద పాత ఇంటి ఫోటో. ఓ బంధువు ఒడిలో పసి కెండ్రిక్. బల్ల మీద పాలసీసా, పక్కనే బీరుసీసా. పెద్దవాళ్ళ కళ్ళకి నల్లటి పట్టీలు వేసి, పిల్లాడి కళ్ళు మాత్రం వదిలేశారు. అంతా చూసింది ఆ కళ్ళే కదా!

కథ చిన్నదే. కుర్రాడు ఓ పిల్లని కలుసుకోవడానికి అమ్మ వ్యాను పట్టుకెళతాడు. ఇంతలో ఫోన్లో అమ్మ సందేశం: పావుగంటలో తెస్తానన్న వ్యాను ఏదిరా అని. వెనకనుంచి నాన్న తన డామినోలేవని గోల. అవి నటుల గొంతులు కావు, అతని సొంత తల్లిదండ్రులవే. పాటకీ పాటకీ నడుమ ఇల్లు ఇలా తొంగిచూస్తూనే ఉంటుంది. ఈలోగా వీధిలో దొంగతనం, దెబ్బలాట, చివరికి ఓ స్నేహితుడి చావు. పగ తీర్చుకుందామని ఉడికిపోతున్న కుర్రాళ్ళని ఓ పెద్దావిడ ఆపి, ప్రార్థన చేయిస్తుంది.

అప్పుడు మళ్ళీ ఫోను. మనిషిని చంపడం ఏ వెధవైనా చేస్తాడు, కుటుంబాన్ని చూసుకోవడమే మగతనం అన్న అర్థంలో తండ్రి మాట్లాడతాడు. తల్లి ఇంకో మెట్టు పైకెళుతుంది. నువ్వు బాగుపడితే తిరిగొచ్చి, ఈ ఊరి పిల్లలకి నీ కథ చెప్పు అంటుంది. ఆ మాటే ఈ ఆల్బమ్ అయింది.

మొదటి వారంలోనే 2,40,000కు పైగా అమ్ముడైంది. 2018లో అతని మరో ఆల్బమ్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా మరో పాటకి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

తల్లిని పొగిడే పాటలు అంతకుముందూ ఉన్నాయి. ఇక్కడున్నది పొగడ్త కాదు, తిట్టే తల్లి. పిల్లలు తిండి తినలేదనీ, పని మీద బయటికెళ్ళాలనీ, వ్యాను కావాలనీ రుసరుసలాడే తల్లి. ఊరంతా పిచ్చెక్కి ఊగుతున్నా, ఫలానా టైముకి ఇంటికి రావాలని ఒకరు అడుగుతూ ఉండటమే ఆ పిల్లాణ్ణి నిలబెట్టింది. మన సణుగుడికీ విలువుందన్నమాట!

ఆఖరి పాట అయిపోయాక టేపు వెనక్కి తిరిగిన చప్పుడు. మళ్ళీ కుర్రాడి గొంతు: అమ్మా, వ్యాను తీసుకెళుతున్నా, పావుగంటలో వచ్చేస్తా! వాడి మాట వాడికి తేలికే. గడియారం చూసుకుంటూ కూర్చునేది ఆవిడ.